అనసూర్య ఆపేసిన ఇంటర్నెట్టు

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ప్రపంచమంతా ఇంటర్నెట్టు ఆగిపోయింది. విమానాలు ఎక్కడివక్కడ దిగిపోయాయి. బ్యాంకులు తలుపులు వేసుకున్నాయి. పెద్ద పెద్ద దేశాల మంత్రులు ఏం చెయ్యాలో తోచక ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చున్నారు. దాన్ని ఆపింది సిరిసిల్లలో, మా గల్లీలో కండెలు చుట్టే అనసూర్య.

సరే, విమానాలు దిగడం నేను కళ్లారా చూడలేదు. ప్రపంచమంతా అని కూడా గట్టిగా చెప్పలేను. మా గల్లీ మట్టుకు ఖాయం. గల్లీ అంటే ఈ చివర కిరాణా కొట్టు నుంచి ఆ చివర మోరీ దాకా. ఆపింది కూడా అనసూర్య తన చేత్తో కాదు, ఆమె తరఫున పోశవ్వ. కానీ ఆగిన మాట నిజం, అనసూర్య కోసమే ఆగిందన్నదీ నిజం. అబద్ధమాడిన పిల్లల నాలుక మీద మిరియం పెట్టే సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి నేను. ఆ చదువు పుణ్యాన ఈ వయసులో కూడా నాకు మిరియాలంటే మహా ఇష్టం.

అనసూర్య పుట్టింది నేత ఇంట్లో. మాటలు నేర్చుకున్నది మాత్రం కార్ఖానాలో. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక తల్లి ఆమెను చంకన వేసుకుని పనికి వెళ్లేది. మగవాళ్లు మరమగ్గాలు నడుపుతుంటే, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారపు కండెలను ఆడవాళ్లు ఒక మూల కూర్చుని చుట్టి అందిస్తుంటారు. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. ఒక్క సాంచా చప్పుడుకే కొత్తవాడికి తల దిమ్మెక్కుతుంది. రేకుల షెడ్డు కింద వరసగా అన్నీ కలిసి కొడుతుంటే ఇక చెప్పేదేముంది. ఒకసారి మా గల్లీ కార్ఖానా మీద పిడుగు పడిందనీ, తన చప్పుడు ఎవరికీ వినిపించనందుకు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయిందనీ అంటారు. అన్నది నేనే.

అలాంటి చోట గొంతుతో పనిలేదు. అందుకని సాంచాల మనుషులు పెదవులతో మాట్లాడతారు. శబ్దం చెయ్యరు. నోరు కాస్త వెడల్పుగా తెరిచి, మాటకు మాట పెదవుల మీద చూపిస్తారు. కనుబొమ్మలూ చేతులూ సాయం వస్తాయి. ఎదుటివాళ్లు కళ్లతో వింటారు. ఇవాళ ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, అన్నీ ఆ మూల నుంచి ఈ మూలకు అలాగే సాగిపోతాయి. చిక్కొకటే. పెదవుల భాషలో గుసగుస అనేది లేదు. నీ మొహం కనబడ్డ ప్రతివాడూ నీ మాట విన్నవాడే. అందుకని కార్ఖానాల్లో ఒక మర్యాద ఉంది. మొగుడూ పెళ్లామో, తల్లీ బిడ్డో సొంత సంగతి మాట్లాడుకుంటుంటే మిగతావాళ్లు గోడవైపు తిరిగిపోతారు. ఎవరూ చెప్పనక్కర్లేదు.

దేవదాస్ ఆ కార్ఖానాలోనే సాంచాలు నడిపేవాడు. ఒకరోజు కండెల కోసమని చెయ్యి చాపి, కండెలు అడగకుండా "నన్ను చేసుకుంటవా?" అని పెదవులతో అడిగేశాడట. అది సొంత సంగతని ముందుగా ఎవరికీ తెలియదు కనుక ఎవరూ గోడవైపు తిరగలేదు. ఆమె జవాబు కోసం షెడ్డు షెడ్డంతా ఆమె పెదవుల వంకే చూసింది. ఆ క్షణాన సాంచాలన్నీ వాటంతటవే ఆగిపోయాయని నేను చెబుతుంటాను. "ఒక్క పోగు గూడ తెగలే, ఊకో" అంటుంది పోశవ్వ.

పోశవ్వ అనసూర్య పక్కింటి ముసలామె. అనసూర్య తల్లి పక్కన కూర్చుని కండెలు చుట్టిన మనిషి. గల్లీ ఆ చివర కదిలిన పెదవులను ఈ చివర నుంచి చదవగలదు. నాకు ఆ విద్య అబ్బలేదు. మేం మెథడిస్టు మిషన్ చర్చివాళ్లం, ఆ గల్లీలో మగ్గం తెలియని ఇల్లు మాదొక్కటే. కాబట్టి ఇందులో పెదవులతో జరిగిన సంభాషణలన్నీ పోశవ్వ చెప్పగా నాకు తెలిసినవి. ఆమె చెప్పిన దాంట్లో సగం తీసేయండి. నేను చెప్పిన దాంట్లో ఎంత తీసేస్తారో మీ ఇష్టం.

పెళ్లయింది. కావ్య పుట్టింది, బడికి పోయింది, తరవాత నర్సింగు చదువుకని కరీంనగర్ హాస్టల్లో చేరింది. ఈలోగా గుడ్డకు గిరాకీ పడిపోయి మా ఊళ్లో సాంచాలు వారంలో సగం రోజులు మూతపడటం మొదలైంది. దేవదాస్ సాంచాల పనికి మహారాష్ట్రలోని భివండి వెళ్లాడు. మా ఊరి నేతవాళ్లకు అది కొత్త దారేం కాదు. కూతురి చదువయ్యేదాకా అనుకుని వెళ్లాడు.

మొదట్లో రాత్రి షిఫ్టువాళ్లకు సాంచాలు అప్పజెప్పి దిగగానే ఫోను చేసేవాడు. అనసూర్య అరుగు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. ఫోనులో మాట్లాడేటప్పుడు నోరు దాచుకోవడం మా గల్లీ ఆడవాళ్లకు అలవాటు, ఎందుకో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. తరవాత తరవాత ఆ మాటలు ఒక వింత దారి పట్టాయి. ఆమె ఫోను స్పీకరు పెట్టి పోశవ్వకు వినిపించేది.

"ఇంటి మీద రేకు గాలికి లేచిపోయింది."

"మంచిది, మంచిది. తిన్నవా?"

"తినుడు గాదు, రేకు! వానొస్తే ఇంట్ల ఉండరాదు."

"ఆ, నేను గూడ గట్లనే అనుకున్న."

"ఎప్పుడొస్తవ్?"

"మంచిగనే ఉన్న. ఫికర్ చెయ్యకు."

మొదట నవ్వుకున్నారు. నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. దేవదాస్ అక్క గుండెనొప్పితో పోయింది. అనసూర్య ఏడుస్తూ ఫోను చేసింది.

"మీ అక్క పోయింది. పొద్దున పానం పోయింది. నువ్వు బైలెల్లు."

"మంచిది, మంచిది" అన్నాడు దేవదాస్. "పైసలు పంపుత."

ఆయన రాలేదు. ఆ మాట గల్లీ అంతా పాకింది. అక్క చచ్చిపోయిందంటే మంచిదన్నవాడు మనిషేనా అన్నారు. పోశవ్వ ఇంకో అడుగు ముందుకేసింది.

"గాడ ఎవతో పక్కన కూసున్నది బిడ్డా. గందుకే తలాతోక లేని జవాబులు చెప్తుండు."

"నీ నోట్ల మన్నువడ" అంది అనసూర్య. అని, ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తరవాత ఆమె ఫోను చెయ్యడం మానేసింది. ఆయన చేస్తే ఎత్తి, "ఆ" అని, పెట్టేసేది. బతుకమ్మ వచ్చిపోయింది, దసరా వచ్చిపోయింది. కండెల చక్రం ముందు కూర్చుని ఎదురుగోడ వంక చూస్తూ ఆమె పెదవులు కదిపేదట. ఏమంటోందని పోశవ్వను అడిగాను. "నేను సూడలే" అంది. పోశవ్వ చూడకపోవడమా! చూసి, మర్యాదకు మొహం తిప్పుకున్నదన్నమాట.

ఒకసారి మాత్రం నాతోనే అంది అనసూర్య. "కొట్లాడినా మంచిగుండు తాతా. తిట్టుకు తిట్టు జవాబన్న అయితది. గీయన దేనికీ జవాబు చెప్తలేడు. నేనొకటంటే ఆయనొకటి. బాయిల రాయి ఏసినట్టు గూడ లేదు, రాయేస్తే బుడుంగన్న అంటది."

గల్లీలోకి నెట్టు వచ్చింది ఆ తరవాతే. అరుణ్‌కుమార్ అని, ఇంటింటికీ టీవీ కేబుల్ వైరు లాగిన పిల్లవాడు. పిల్లవాడంటే వాడికిద్దరు పిల్లలు. అందరూ ఫోన్లలోనే బొమ్మలు చూడటం మొదలుపెట్టాక వాడి వైర్ల మీద కాకులు తప్ప ఎవరూ మిగల్లేదు. వాడు ఊరుకోకుండా ఎక్కడో తిరిగి ఒక పద్ధతి నేర్చుకొచ్చాడు. గల్లీలో డాబా మాదొక్కటే కనుక మా మిద్దె మీద ఒక పెట్టె బిగించాడు. దాని గాలి గల్లీ అంతటికీ తగులుతుంది. కిరాణా కొట్లో షాంపూ పొట్లాల పక్కనే నెట్టు చీటీలు వేలాడదీశాడు. నెలకు సరిపడా ఒక్కసారే కొనలేనివాళ్లు ఏ రోజుకారోజు ఒక చీటీ చింపుకుంటారు. చీటీ మీది అంకెలు ఫోనులో కొడితే చాలు. పరీక్షల పిల్లలు, బీడీలు చుట్టే అమ్మలు, పింఛను పడిందో లేదో చూసుకునే ముసలివాళ్లు, అందరూ కొన్నారు. వారం తిరిగేసరికి మా మిద్దె మీది పిచ్చుకలు భోజ్‌పురి పాటలు పాడటం నేను విన్నాను.

సెలవులకు వచ్చిన కావ్య తన పాత ఫోను తల్లికిచ్చింది. అద్దం ఒక మూల పగిలింది గాని బొమ్మ బాగానే కనిపిస్తుంది. దేవదాస్ దగ్గర అలాంటి ఫోను ముందే ఉంది. "బాపును చూద్దువు రా అవ్వా" అని కావ్య పట్టుబట్టింది. "నాకేం అక్కెరలేదు" అంది అనసూర్య. అని, లోపలికి పోయి బొట్టు దిద్దుకుని వచ్చింది.

అరుగు మీద కావ్య, అనసూర్య, పోశవ్వ, ఎందుకైనా మంచిదని అరుణ్‌కుమార్, ఏ పనీ లేక నేను. బొమ్మ వచ్చింది. దేవదాస్ కార్ఖానా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. జుట్టు మీది దూది ఇంకా తెల్లగా ఉంది. అనసూర్య మొహం కనబడగానే ఆయన నోరు కదిలింది. మాట రాలేదు.

"బాపూ, మ్యూట్ల ఉన్నవ్" అంది కావ్య. "కింద మైకు బొమ్మ ఒత్తు."

మళ్లీ కదిలింది. మళ్లీ రాలేదు.

"ఓ అరుణూ, గిదేం నెట్టురా?" అని పోశవ్వ అందుకుంది. "బొమ్మనిచ్చి మాట మింగినవ్! గా చీటీ వాపస్ తీస్కో."

"నెట్టు మంచిగనే ఉన్నదవ్వా. ఫోన్ల స్పీకర్ పోయింది."

"నా ఫోన్ మొన్నటిదాంక పాడింది" అంది కావ్య.

"అయితే గాడ ఆయన మైకు పోయింది."

"అన్నీ పోయినయ్, నీ నోరు మాత్రం పోలే. నీ పెట్టెనే మూగది, పో!"

అరుణ్‌కుమార్ మా మిద్దె ఎక్కి పెట్టె ఆపి మళ్లీ వెలిగించాడు. బొమ్మ పోయి మళ్లీ వచ్చింది. దేవదాస్ నోరు కదులుతూనే ఉంది. మాట లేదు. కావ్య ఫోనును తొడకేసి కొట్టింది. నేను కూడా నాకు తెలిసిన వైద్యం చెప్పాను, ఏమిటో ఇప్పుడు గుర్తులేదు.

అంతలో మా గల్లీ కార్ఖానాలో షిఫ్టు మారే వేళయింది. సాంచాలు ఒక్కొక్కటే ఆగాయి. అన్నీ ఆగాక కూడా చప్పుడు ఆగలేదు.

అది ఫోనులోంచి వస్తోంది. భివండి సాంచాల చప్పుడు. ఇందాకటి నుంచీ వస్తూనే ఉంది. పగలంతా ఆ చప్పుడులోనే బతికే మేము అది మా గల్లీదే అనుకున్నాం. ఫోనుకు ఏ జబ్బూ లేదు. దేవదాసే గొంతు ఎత్తడం లేదు. ఎదురుగా పెళ్లాం మొహం కనబడేసరికి ఆయన కార్ఖానాలో మాట్లాడినట్టు పెదవులతో మాట్లాడుతున్నాడు.

అనసూర్య ఫోను దగ్గరగా తీసుకుంది. ఆమె పెదవులు కదిలాయి.

"నీకు వినవడుతలేదా?"

ఆయన వెనక్కి తిరిగి, తోటివాళ్లెవరూ చూడటం లేదని చూసుకున్నాడు.

"లేదు."

"ఎప్పటిసంది?"

"ఒక చెవి ఎన్నడో పోయింది. రెండోది గీడికొచ్చినంక."

"మరి ఫోన్ల ముచ్చట పెడ్తుంటివి గద!"

"చెవుకు పెట్టుకుంటే గరగర అంటుండె. గా గరగర నువ్వే అనుకుంటుంటి. గది ఆగినప్పుడల్లా మంచిది అంటుంటి."

పోశవ్వకు అప్పుడు గుర్తొచ్చింది మర్యాద. గోడవైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏమన్నడే అవ్వా?" అని కావ్య తల్లిని అడిగింది. బడిలో పెరిగిన పిల్ల, ఆమెకు పెదవులు చదవడం రాదు.

"ఏం లే" అంది అనసూర్య. "మంచిగున్నడట."

చెవుల సంగతి దాచడానికి ఆయనకు ఒక కారణం ఉంది. పోగు తెగితే సాంచా చప్పుడు మారుతుంది. నడిపేవాడికి అది వినిపించాలి. వినపడని వాడి చేతికి ఏ సేటూ సాంచాలివ్వడు. దేవదాస్ చెయ్యి ఆనించి, వణుకును బట్టి తెలుసుకుంటున్నాడు. తోటివాళ్లకు కూడా తెలియదు. వాళ్ల లెక్కలో ఆయన మాటకారి కాని మనిషి, అంతే.

ఆ రోజు నుంచి షిఫ్టు మారే వేళకు అనసూర్య తల దువ్వుకుని, అరుగు మీద దీపానికి ఎదురుగా కూర్చునేది, పెదవుల మీద వెలుగు పడాలి కదా. ఇన్నాళ్లూ ఫోనులో చెప్పిన సంగతులన్నీ మొదటి నుంచి మళ్లీ చెప్పింది. రేకు లేచిపోయిన సంగతి చెప్పి, పోట్లాడింది. ఆయనా పోట్లాడాడు. ఆమె మొహం వెలిగిపోయిందని అందరూ అన్నారు. ఒక్క సంగతి మాత్రం కొన్నాళ్లు దాటవేసింది. ఆయనే అడిగాడు.

"అక్క ఎట్లున్నది?"

దానికి అనసూర్య ఏమన్నదో పోశవ్వ నాకు చెప్పలేదు. ఆ ప్రశ్న చూడగానే ఇంట్లోకి పోయి కిటికీ వేసుకున్నానని మాత్రం చెప్పింది. తరవాత మూడో రోజు దాకా దేవదాస్ ఫోను ఎత్తలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గొంతు వినడానికి సన్నపాటి నెట్టు చాలు, ఒక పోగంత ఉన్నా మాట నడుస్తుంది. పెదవులు చదవాలంటే నిండు పన్నా గుడ్డంత కావాలి. మధ్యలో ఒక్క పోగు తెగినా మాట పోతుంది. అరుణ్‌కుమార్ పెట్టె గల్లీ అంతటికీ ఒకటే. సాయంత్రం అందరూ దాని మీద పడితే దేవదాస్ మొహం మసకబారేది, పెదవులు ఒకచోట ఆగి ఇంకోచోట కదిలేవి. అనసూర్య మాట అతుక్కోవడానికి పది సార్లు అడిగేది. అయినా ఓపిక పట్టింది.

ఎండలు ముదిరాక భివండి సేటు తన పాత సాంచాలు అమ్మేస్తున్నాడని తెలిసింది. మనుషులను మరునాడు పొద్దున్నే సూరత్ తీసుకుపోతాడట. అక్కడ కొత్త మిషన్లు. వాటి మీద చెయ్యి ఆనిస్తే ఏమీ తెలియదు, పట్టుబడిపోతాడు. పోకుండా ఇంటికొస్తే చెవులు లేనివాడికి సాంచాలు ఎవరిస్తారని ఆయన భయం. కూతురి సంపాదన తిని కూర్చోనన్నాడు. సూరత్‌కే పోతానన్నాడు.

అనసూర్య ఆ పగలు పని మానేసి మా గల్లీ కార్ఖానా ఆసామి దగ్గరికి వెళ్లింది. ఆయన వెంటనే కాదనలేదు.

"చీరల ఆర్డర్ వస్తదంటున్నరు. వస్తే ఇస్త. చెవులు గిట్ల మంచిగున్నయి గద? భివండి పోయినోళ్లందరు చెవుడు పట్టుకోని వస్తున్నరు."

"మంచిగున్నయ్" అంది అనసూర్య.

ఇప్పుడు ఆ మాట దేవదాస్‌కు చేరాలి, ఆ సాయంత్రమే. ఆయన చదువుకోలేదు, రాసి పంపితే లాభం లేదు. తోటివాళ్ల చేత చెప్పిద్దామంటే చెవుల సంగతి బయటపడుతుంది. పెదవులే దిక్కు. ఆ సాయంత్రమే క్రికెట్ ఫైనలు.

బొమ్మ వచ్చింది. ఆమె "సూరత్ పోకు" అనేసరికి దేవదాస్ నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. అలాగే ఉండిపోయింది. ఆమె ఫోను పట్టుకుని గల్లీ ఆ చివరికి నడిచింది, ఈ చివరికి నడిచింది. మా డాబా కింద నిలబడి పెట్టెకు దగ్గరగా చెయ్యెత్తింది. సగం తెరిచిన నోరు అలాగే ఉంది.

పోశవ్వ బయటికి వచ్చింది. "ఏమైందే?"

"నిలవడ్డది అత్తా. పొద్దుగాల్ల పోతడట. ఒక్క మాట చెప్పాలె. ఒక్క మాట."

అనసూర్య ఏడవడం పోశవ్వ గోడ అవతల నుంచి విన్నది గాని ఎదురుగా చూసింది అప్పుడే. మూలనున్న కర్ర తీసుకుంది.

మొదటి అరుగు మీద ఆరుగురు కుర్రాళ్లు ఆరు ఫోన్ల మీద వంగి ఉన్నారు. "బందు చెయ్యిన్రిరా!"

"ఇప్పుడే షురువైందవ్వా, ఓపెనర్లు..."

"నీ ఓపెనర్లకు నా కట్టె ఓపెన్ అయితది. బందు చెయ్యి!"

రెండో ఇంట్లో సీరియలు. "అత్తా, గిప్పుడే కోడలు దొరికింది..."

"దొరికిన కోడలు రేపు గూడ దొరుకుతది. బందు!"

మా ఇంటికి వచ్చింది. "తాతా, నువ్వు గూడనా?"

"నేను వార్తలు చూస్తున్నా" అన్నాను.

"గా వార్తల ఎవ్వలు బ్యాటింగ్?"

ఆపేశాను. అరుణ్‌కుమార్‌ను మెడబట్టి మా మిద్దె ఎక్కించింది. వాడు అనసూర్య ఫోను ఒక్కదాన్నే ఉంచి మిగతావన్నీ తెంచేశాడు. గల్లీలో అరుపులూ పాటలూ సీరియల్ ఏడుపులూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. పైన నేను చెప్పిన విమానాలు దిగింది సరిగ్గా అప్పుడే.

ఫోనులో దేవదాస్ నోరు మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. బొమ్మ నీళ్లలా కదిలింది.

"తిరుగున్రి" అంది పోశవ్వ.

అందరూ తిరిగారు. సాంచాలు దిగి వచ్చినవాళ్లు, బీడీల చాటలు ఒళ్లో ఉన్న ఆడవాళ్లు, కర్ర దెబ్బ తిన్న కుర్రాళ్లు, పెదవులు చదవడం రాని నేను, అందరం గోడల వైపు మొహాలు పెట్టి నిలబడ్డాం. మా ఇంటి గోడ సున్నం పెచ్చులూడిందని నాకు తెలిసింది అప్పుడే. అటు పోతున్న ఆటో ఒకటి ఆగింది.

"ఎవ్వలు సచ్చిన్రే?" అన్నాడు డ్రైవరు మెల్లగా.

"ఎవ్వలు సావలే" అంది పోశవ్వ గోడతో. "మొగడు పెండ్లాలు మాట్లాడుకుంటున్నరు. నడువు."

వాడు కూడా దిగి, ఎందుకో తెలియకుండానే, గోడవైపు తిరిగాడంటే మీరు నమ్మకపోవచ్చు.

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. వెనక నుంచి భివండి సాంచాల చప్పుడు ఒక్కటే వస్తోంది. ఒకసారి ముక్కు ఎగబీల్చిన శబ్దం. ఒకసారి, ఒక్కసారే, నవ్వు లాంటిది. ఆమె ఏమన్నది, ఆయన ఏమన్నాడు, మా గల్లీలో ఎవరికీ తెలియదు. పోశవ్వకు కూడా తెలియదు, అందుకు నేను సాక్షిని. ఆమె నుదురు గోడకు ఆనించి కళ్లు మూసుకుంది.

"అయింది" అంది అనసూర్య గొంతుతో. "చూస్కోన్రి మీ మ్యాచ్."

ఎవరూ ఏమీ అడగలేదు. మరునాడు సాయంత్రం ఆమె తల దువ్వుకుంటుందా లేదా అని మాత్రం గల్లీ అంతా ఏదో ఒక పని పెట్టుకుని బయటే తిరిగింది. దువ్వుకుంది. దీపానికి ఎదురుగా కూర్చుంది. ఫోనులోంచి పాత సాంచాల చప్పుడే వచ్చింది. ఆయన సూరత్ పోలేదు. భివండిలోనే ఇంకెవరి దగ్గరో పాత సాంచాలు వెతుక్కున్నాడు, మా ఊళ్లో చీరల ఆర్డరు వచ్చేదాకా.

ఆర్డరు ఇంకా రాలేదు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటున్నారు. దారం బేళ్లతో ఏ లారీ గల్లీ మలుపు తిరిగినా అనసూర్య చక్రం ఆపి తల ఎత్తుతుంది. లారీ వేరే కార్ఖానాకు పోయాక మళ్లీ తిప్పుతుంది. లేచిపోయిన రేకు చోట కొత్తది వేయించింది. కావ్య హాస్టల్లో అద్దం ముందు నిలబడి పెదవులతో "బాపూ, అన్నం తిందాం రా" అనడం నేర్చుకుంటోందట, పక్క మంచం పిల్ల భయపడి వార్డెనుకు చెప్పిందట. మా కుర్రాళ్లు షిఫ్టు మారే వేళకు ఎవరూ చెప్పకుండానే ఫోన్లు జేబులో పెట్టుకుంటారు. ఆ కాసేపు అరుగుల మీద ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సి వస్తోందని వాళ్ల బాధ.

ఇదంతా రాసి మొన్న ఆమెకు చదివి వినిపించాను. కండెలు చుట్టడం ఆపకుండానే వింది. నడుమ రెండుసార్లు దారం తెగితే అతికింది.

"అయిపోయిందా తాతా?"

"అయిపోయింది. ఎట్లున్నది?"

"అచ్చేస్తరా దీన్ని?"

"వేస్తామంటున్నారు. వద్దంటే మానేస్తా."

నిండిన కండె తీసి బుట్టలో వేసింది. "ఎయ్యనియ్యి. నువ్వు రాసినవంటే ఉత్తదే అనుకుంటరు, గదీ నయమే." చక్రం ఆపి, నా వైపు తిరిగి, గోడ అవతలి కార్ఖానాకు కూడా వినపడేంత గట్టిగా అంది. "గీండ్ల ఒక్క ముక్క నిజం లేదు. సూరత్ లేదు, గీరత్ లేదు. నెట్టు ఎవ్వలు బందు పెట్టలే. పోశవ్వత్తకు దగ్గరున్న మనిషే కనవడడు, పెదవులేం చదువుతది? మా ఆయనయి పాము చెవులు. నేను గీడ తుమ్మితే గాయనకు గాడ వినవడ్తది. ఆసామి అడిగితే గిదే చెప్పు. గీ కథ మాది కాదు."